వానలో రోజూ తిరిగే బండికి ఏ టైరు? గీతల కన్నా ముందు రబ్బరు చూడండి

మీరు రాసింది ఇదీ: 2020 చివర్లో కొన్న హోండా యూనికార్న్ 160, రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రానుపోను, ఇప్పటికి 34 వేల కిలోమీటర్లు. వెనక టైరు ఒకసారి మార్చారు, అది మళ్లీ అరగడానికి వచ్చింది. ముందు టైరు బండితో వచ్చిందే, గీతలు ఇంకా బాగానే ఉన్నాయి. వాన పడితే మాత్రం బ్రేకు పట్టగానే ముందు చక్రం జారినట్టవుతోంది, ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును పట్టి వదిలే ఏర్పాటు) టకటకలాడుతోంది. వెనక వెడల్పు టైరో బటన్ టైరో వేయిస్తే ఈ బాధ తీరుతుందా అని అడిగారు.

తీరదండి. మీరు ముందుగా మార్చాల్సింది ముందు టైరు. గీతలున్నాయి కదా అని వదిలేసిన ఆ టైరే మిమ్మల్ని జారుస్తోంది.

టైరు గీతలు నీళ్లను పక్కకు తోసేయడానికి. ఆ పని వేగం మీద వెళ్లేటప్పుడే ఎక్కువ అవసరం. నీటి పొర మీద టైరు తేలిపోయే వేగాన్ని లెక్కగట్టడానికి 1960ల్లో నాసా విమాన టైర్ల మీద చేసిన పరిశోధన నుంచి ఒక సూత్రం వచ్చింది: టైరులో గాలి ఒత్తిడిని పీఎస్ఐల్లో (బంకులో గాలి పట్టే కొలత) తీసుకుని, దాని వర్గమూలాన్ని సుమారు 16.7తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్ల దగ్గర తేలుతుందో వస్తుంది. 25 పీఎస్ఐకి అది 83 కిలోమీటర్లు. బైకు టైరు గుండ్రంగా, సన్నగా ఉండి నీళ్లను కోసుకుంటూ పోతుంది కాబట్టి ఈ అంకెను అచ్చంగా తీసుకోకూడదు, కానీ అంచనాకు పనికొస్తుంది. ఆఫీసు వేళల్లో ఆ దారిలో మీరు వెళ్లేది 30, 40 మీద. అంత నెమ్మదిలో బండి తేలి జారడం అరుదు. జారుతోందంటే రబ్బరుకు రోడ్డు దొరకడం లేదని అర్థం.

పొడి రోడ్డు మీద రబ్బరు రెండు రకాలుగా పట్టుకుంటుంది. ఒకటి, రాతికి నేరుగా అంటుకోవడం. రెండు, తారులోని కంకర ముక్కల ఎత్తుపల్లాల్లోకి దిగి వాటిని ఒడిసిపట్టడం. తడిస్తే మొదటిది చాలావరకు పోతుంది, మిగిలేది రెండోదే. అది జరగాలంటే రబ్బరు మెత్తగా ఉండి, ముల్లంత రాతి అంచు దగ్గర కూడా వంగాలి. గట్టిపడిన రబ్బరు వంగదు, రాళ్ల నెత్తిన కూర్చుని జారుకుంటూ పోతుంది. గీత లోతు ఎంతున్నా దానికి మందు కాదు. పైగా రోడ్డును తాకే చోటు ఎంతో చూడండి. మీ ముందు చక్రం మీద పడే బరువు దాదాపు 95 కిలోలు అనుకుని 25 పీఎస్ఐతో లెక్కగడితే, ఏటీఎం కార్డు కన్నా కాస్త పెద్ద జాగా వస్తుంది. మీ బ్రేకు పనంతా ఆ కార్డు ముక్క మీదే.

రబ్బరు గట్టిపడిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. సెంటర్ స్టాండు వేసి, ముందు టైరు నడిమధ్యన రోడ్డును తాకే భాగంలో బొటనవేలి గోరు గట్టిగా నొక్కండి. కొత్త టైరులో గోరు కొద్దిగా దిగుతుంది, తీశాక నెలవంక లాంటి గుర్తు ఒకటి రెండు సెకన్లు కనబడి మాయమవుతుంది. ముదిరిన టైరులో గోరు దిగదు, ప్లాస్టిక్ బకెట్ అంచు మీద నొక్కినట్టు పక్కకు జారుతుంది. నమ్మకం కుదరకపోతే టైర్ల షాపులో వేలాడదీసిన కొత్త టైరు మీద అదే గోరు నొక్కి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. ఆ తర్వాత గీత అడుగున వెలుతురు పడేలా చూడండి. అక్కడ వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు ఉన్నా, రిమ్ము దగ్గర పక్క గోడ మీద ఉన్నా, ఆ టైరు కాలం తీరినట్టే. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండాకాలాలు నాలుగైదు ఆరుబయట పార్కింగులో గడిపిన రబ్బరు, కిలోమీటర్లు తిరగకపోయినా ముదిరిపోతుంది.

తయారీ తేదీ పక్క గోడ మీదే ఉంటుంది. కోడిగుడ్డు ఆకారం గడిలో, లేదా డీఓటీ అన్న అక్షరాల వరస చివర, నాలుగు అంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3420 అంటే 2020లో 34వ వారం, ఆగస్టు మూడో వారం. ఒక వైపు కనబడకపోతే రెండో వైపు చూడండి, చాలా టైర్ల మీద ఒక పక్కనే అచ్చువేస్తారు. మీ ముందు టైరు 2020ది కాబట్టి అయిదేళ్లు దాటేసింది. ఎండలో నిలబడే బండికి అయిదేళ్లు దాటాక వానాకాలం రాకముందే ముందు టైరు మార్చాల్సిందేనని నా అభిప్రాయం, గీతలు ఎన్ని మిల్లీమీటర్లున్నా సరే.

ముందు టైరే ఎందుకంత ముఖ్యమంటే, బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వస్తుంది, బండిని ఆపేది ప్రధానంగా ఆ చక్రమే. వెనక చక్రం జారితే తోక ఊగినట్టు ఊగుతుంది, బ్రేకు వదిలితే చాలాసార్లు సర్దుకుంటుంది. ముందు చక్రం జారితే హ్యాండిల్ చేతిలో ఉండగానే బండి కింద పడుతుంది, ఆలోచించే వ్యవధి ఉండదు. మన దగ్గర మాత్రం అంతా తలకిందులుగా జరుగుతుంది. ఇంజను బలం పడేది వెనక చక్రం మీద కాబట్టి అది త్వరగా అరుగుతుంది, రెండు సార్లు వెనకది మారిస్తే ఒకసారి ముందుది మారుస్తారు. అరగడం లేదు కదా అని ముందు టైరును ఏడెనిమిదేళ్లు లాగేస్తారు. ఒక్క టైరుకే డబ్బులున్నాయంటే, వెనకది పూర్తిగా గుండు కానంతవరకు, ముందు టైరుకే పెట్టండి. మీ ఏబీఎస్ టకటకలాడటం కూడా ఈ ముదిరిన ముందు టైరు వల్లే. అది ముందు చక్రం బిగుసుకుపోకుండా కాపాడుతుందే గానీ, రబ్బరులో లేని పట్టును పుట్టించలేదు. ఆ మోడల్లో ఏబీఎస్ ముందు చక్రానికే, వెనక డ్రమ్ము బ్రేకుకు అది కూడా లేదు.

ఇక మీరడిగిన బటన్ టైరు. పెద్ద పెద్ద గడ్డల్లాంటి దిమ్మెలు చూస్తే దేన్నైనా పట్టుకుంటుందనిపిస్తుంది. పట్టుకుంటుంది కూడా, మట్టిలో. దిమ్మెలు మెత్తటి నేలలోకి గుచ్చుకుని తోస్తాయి. తారు రోడ్డులోకి ఏ దిమ్మే గుచ్చుకోదు. పైగా దిమ్మెల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి ఆ ఏటీఎం కార్డంత జాగాలో రబ్బరు తాకే భాగం ఇంకా తగ్గుతుంది, బ్రేకు వేస్తే దిమ్మెలు వంగి కదులుతాయి. తడిసిన సిమెంటు రోడ్డు మీద, తెల్ల గీతల మీద ఇది బాగా తెలుస్తుంది. పొలం గట్టు దాకా బండి వెళ్లాల్సినవాళ్లకు, నాట్ల సమయంలో ట్రాక్టర్లు చక్రాలకంటిన బురదంతా తారు రోడ్డు మీద దులిపే గోదావరి జిల్లాల దారుల్లో తిరిగేవాళ్లకు వెనక బటన్ టైరు మంచిదే. మియాపూర్, గచ్చిబౌలి మధ్య అది మీకు నష్టం. నార్సింగి, కోకాపేట వైపు టిప్పర్లు ఎర్రమట్టి రాల్చిన చోట్ల కూడా, తారు మీది పలచటి బురదకు బటన్ టైరు వల్ల ఒరిగేది తక్కువ. అక్కడ నెమ్మదిగా పోవడమే దారి.

వెడల్పు టైరు సంగతి. రోడ్డును తాకే జాగా ఎంతన్నది ప్రధానంగా బరువు, గాలి ఒత్తిడి ఈ రెండింటి మీదే ఆధారపడుతుంది. వెడల్పు టైరు వేస్తే ఆ జాగా పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది: అడ్డంగా పెరిగి, నిలువుగా తగ్గుతుంది. తడిలో అది మంచి మార్పు కాదు, ఎదురుగా తోసేయాల్సిన నీళ్లు పెరుగుతాయి. ఇంకో చిక్కు రిమ్ముతో. ప్రతి టైరుకూ సరిపడే రిమ్ము వెడల్పు కంపెనీ చెబుతుంది. మీ రిమ్ము మీద 18 పక్కన 1.85 లాంటి అంకె పోతపోసి ఉంటుంది, అది అంగుళాల్లో వెడల్పు. సన్న రిమ్ముకు లావు టైరు బిగిస్తే అంచులు లోపలికి నొక్కుకుని టైరు నడినెత్తి ఉబ్బుతుంది. రోడ్డును తాకేది నడుమ సన్నని పట్టీ మాత్రమే, అది త్వరగా అరుగుతుంది, వంపుల్లో బండి ఒక్కసారిగా వాలినట్టుంటుంది. మీ వెనక 100/90-18 (వెడల్పు 100 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 18 అంగుళాలు) బదులు 120/80-18 వేస్తే ఎత్తు కూడా 12 మి.మీ. పెరుగుతుంది, చైన్ కవరుకు, మడ్‌గార్డుకు రాసుకునే ప్రమాదం వేరే. ముందు 80/100-18 బదులు 90/90-18 వేయించుకుంటారు కొందరు. ఎత్తు దాదాపు ఒకటే, 617కు 619 మి.మీ. వానలో పట్టు కోసమైతే ఆ మార్పు అక్కర్లేదు. కంపెనీ సైజే వేయండి.

సైజు పక్కన ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. ముందు టైరు మీద 47పీ అంటే 175 కిలోలు మోయగలదు, గంటకు 150 కిలోమీటర్ల వేగానికి సరిపోతుంది అని. వెనక 56పీ అంటే 224 కిలోలు. కొత్త టైరులో ఈ అంకె పాతదానికన్నా తగ్గకూడదు. టీఎల్ అంటే ట్యూబ్‌లెస్, టీటీ అంటే ట్యూబు టైరు. మీవి అల్లాయ్ చక్రాలు కాబట్టి టీఎల్ తీసుకోండి. పంచరైతే ట్యూబ్‌లెస్ మెల్లగా దిగుతుంది, ట్యూబు ఒక్కసారిగా కూలుతుంది. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం, తడిసిన రబ్బరును గాజుపెంకు, మేకు తేలిగ్గా కోస్తాయి, వరదకు కొట్టుకొచ్చిన చెత్తంతా రోడ్డు అంచునే చేరుతుంది.

మరి ఏ టైరు కొనాలి? ఇక్కడొక ఇబ్బంది ఉంది. కార్ల టైర్లకు యూరప్‌లో తడి పట్టుకు రేటింగు చీటీ అంటిస్తారు, బైకు టైర్లకు ఆ చీటీ వర్తించదు. కాబట్టి అంకె చూసి ఎంచుకునే వీలు లేదు, గుర్తులు చూసి ఎంచుకోవాలి. మొదటిది, రబ్బరు మిశ్రమంలో సిలికా ఉందని కంపెనీ స్వయంగా చెప్పిన టైరు. మామూలుగా రబ్బరుకు బలం కోసం కార్బన్ బ్లాక్ అనే నల్లపొడి కలుపుతారు. సిలికా కలిపితే చల్లబడిన తడి రోడ్డు మీద కూడా రబ్బరు వంగే గుణం నిలుస్తుంది. రెండోది, ఎక్కువ మైలేజీ, ఎక్కువ కిలోమీటర్లు అని పెద్దక్షరాల్లో అమ్మే టైరుకు ముందు చక్రం దగ్గర చోటివ్వకండి. ఎక్కువ కాలం అరగని రబ్బరు సాధారణంగా గట్టి రబ్బరు. మూడోది, డ్యూయల్ కాంపౌండ్ అన్న మాట చూసి మురిసిపోకండి. అందులో నడుమ గట్టిది, అంచులు మెత్తవి. వంపుల్లో వాలితే అంచులు పనికొస్తాయి. మీరు సిగ్నల్ దగ్గర నిటారుగా బ్రేకు వేసినప్పుడు రోడ్డు మీదున్నది ఆ గట్టి నడుమే.

ముందు టైరు గీతల రూపం విషయానికొస్తే, నిలువు చారలు మాత్రమే ఉన్న రిబ్ టైరు కన్నా, నడుమ నుంచి అంచుల దాకా ఏటవాలుగా పోయే గీతలున్న రోడ్డు టైరు తీసుకోండి. నీళ్లకు పక్కకు పోయే దారి ఉంటుంది. నిలువు చారల టైరు, రోడ్డుకు పొడవునా కోసిన గాడుల్లో, తారు అతుకుల్లో దారి పట్టుకుని హ్యాండిల్‌ను అటూ ఇటూ లాగుతుంది కూడా. ఎంఆర్ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్ లాంటి పెద్ద కంపెనీల్లో మీ సైజు మామూలుగా దొరికేదే. పేరు కన్నా తాజా తేదీ ముఖ్యం. పెద్ద పేరున్న కంపెనీదే అయినా రెండేళ్లుగా షాపు అటక మీద ఎండిన టైరు కన్నా, ఆర్నెల్ల లోపు తయారైన మామూలు టైరు వానలో మేలు. ముందూ వెనకా ఒకే కంపెనీ కానక్కర్లేదు. ఒకటి రేడియల్ (లోపలి దారాలు ఏటవాలుగా కాకుండా నేరుగా అడ్డంగా పోయే టైరు), ఒకటి మామూలు నైలాన్ టైరు అయ్యేలా మాత్రం సొంతంగా కలపకండి. సైజులో అంకెల మధ్య ఆర్ అక్షరం ఉంటే రేడియల్. యమహా ఎఫ్‌జెడ్ లాంటి బండ్లు వెనక మాత్రమే రేడియల్‌తో వస్తాయి నిజమే, అది తయారీదారు పరీక్షించి ఇచ్చిన జోడీ.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, తేదీ అంకెలు మీ కళ్లతో చూసి డబ్బు కట్టండి. గీతలు మళ్లీ కోసిన పాత టైర్లు, పై పొర అతికించినవి చవగ్గా దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లొద్దు. గీత కోస్తే లోపలి నైలాన్ దారాల మీద రబ్బరు మందం తగ్గిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అదీ చూసుకోండి.

వెనక టైరు ఎప్పుడు మార్చాలంటే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనానికి గీత లోతు కనీసం 0.8 మి.మీ. ఉండాలి. టైరు అంచున టీడబ్ల్యూఐ అక్షరాలో చిన్న త్రికోణమో ఉన్న చోట గీత అడుగున ఉబ్బెత్తు కనబడుతుంది, రబ్బరు దానికి సమమైతే చట్టప్రకారం అయిపోయినట్టు. వానకు అంత దాకా ఆగకండి. 2 మి.మీ.కు వచ్చిందంటే జూన్ ముందే మార్చేయండి. కొలవడానికి అగ్గిపుల్ల గీతలో నిలబెట్టి, పై అంచు దగ్గర గోటితో గుర్తు పెట్టి, స్కేలు మీద చూస్తే చాలు. నడుమా, రెండు పక్కలా కొలవండి. తిన్నగా పోయే దారుల్లో నడుమ చదునైపోయి పక్కలు ఎత్తుగా మిగులుతాయి. అలాంటి టైరు తడి మలుపులో చదును అంచు దాటేటప్పుడు ఒక్కసారి తూలుతుంది.

బిగించేటప్పుడు దగ్గరుండండి. పాత రబ్బరు వాల్వు తీయించి కొత్తది వేయించండి, టైరు కొత్తదైనా వాల్వు మొదలు పగిలితే గాలి పోతుంది. అల్లాయ్ అంచున తెల్లటి పొడి పేరుకుని ఉంటే వైరు బ్రష్షుతో రుద్దించండి. టైరు ఎక్కించడానికి సబ్బు నీళ్లే వాడాలి, గ్రీజు, ఇంజనాయిల్ రాయనివ్వకండి, రబ్బరు పాడై రిమ్ము మీద టైరు జారుతుంది. పక్క గోడ మీది బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే వైపు ఉండాలి. పసుపు చుక్క ఉంటే అది వాల్వు ఎదుట రావాలి, టైరులో తేలికైన చోటు అది. గాలి పట్టేటప్పుడు రెండుసార్లు టప్పుమని అంచులు కూర్చున్న శబ్దం వస్తుంది. అప్పుడు రిమ్ము అంచు వెంట టైరు మీదుండే సన్నని గీత చుట్టూ ఒకే దూరంలో కనబడుతోందా చూడండి. ఒకచోట లోపలికి దిగి ఉంటే టైరు సరిగా కూర్చోలేదు, చక్రం ఎగురుతుంది. గాలి తీసి, సబ్బు నీళ్లు రాసి, మళ్లీ పట్టించాలి. ముందు చక్రం విప్పి ఉన్నంతసేపు ఎవరూ బ్రేకు లివరు నొక్కకూడదు. డిస్కు పక్కనుండే ఏబీఎస్ పళ్ల రింగును నేలకేసి ఆనించనివ్వకండి.

కొత్త టైరు మొదటి 150, 200 కిలోమీటర్లు నున్నగా ఉంటుంది, అచ్చులోంచి తీసిన మెరుపు పొర అరగాలి. అందుకే మృగశిర కార్తెకు పది పదిహేను రోజుల ముందే మార్చేస్తే మంచిది. వానలోనే మార్చాల్సి వస్తే మొదటి వారం బ్రేకులు ముందుగా, మెల్లగా వేయండి, మలుపుల్లో వాల్చకండి.

మంచి టైరును కూడా పాడుచేసే పని ఒకటుంది, వాటర్ సర్వీసింగ్. బండికి మెరుపు కోసం డీజిలు స్ప్రే కొడతారు, అది కారి టైరు మీదికి చేరుతుంది. టైరు నల్లగా నిగనిగలాడాలని పాలిష్ పూస్తారు, బ్రష్షు పక్క గోడ దాటి రోడ్డును తాకే భాగం దాకా వెళ్తుంది. రెండూ వద్దని ముందే చెప్పండి. చైనుకు నూనె ఇంట్లో వేస్తే టైరు వైపు అట్టముక్క అడ్డం పెట్టి, కాసేపాగి గుడ్డతో తుడవండి.

గాలి విషయంలో వానకాలానికి తగ్గించాలన్న సలహా వినొద్దు. తగ్గిస్తే గీతలు మూసుకుపోతాయి, తేలే వేగం కూడా పడిపోతుంది. పైన చెప్పిన సూత్రంలో 16 పీఎస్ఐ వేస్తే 67కు దిగుతుంది. చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) మీదో ఉన్న చీటీలో రాసినంతే పట్టించండి. ఈ తరగతి బండ్లకు మామూలుగా ముందు 25, వెనక ఒక్కరికి 28, 29, వెనక మనిషి ఉంటే 32 పైన ఉంటుంది. చల్లని టైరులో, ఇంటి నుంచి రెండు మూడు కిలోమీటర్ల లోపే, పది రోజులకోసారి చూసుకోండి. బంకు మీటర్లు ఒకదానికొకటి పొంతన ఉండవు, చిన్న గేజి ఒకటి బండి డిక్కీలోనో బ్యాగులోనో ఉంచుకోవడం నయం.

కొత్త టైర్లు వేయించిన మర్నాడు పొద్దున, బండి తీయకముందే ఆ గేజితో రెండు చక్రాలూ చూడండి. రెండు పీఎస్ఐ కన్నా ఎక్కువ తగ్గిందంటే సబ్బు నురగ తీసుకుని ముందు వాల్వు మొదట్లో, తర్వాత వాల్వు పిన్ను మీద, ఆ తర్వాత రిమ్ము అంచు చుట్టూ రాయండి. బుడగ లేచిన చోటును సుద్దముక్కతో గుర్తుపెట్టి, బిగించిన షాపుకే తీసుకెళ్లండి.